గంగులమ్మ ఎర్ర తాడు

తాళ్ళు పేనేవాళ్ళ వీధిలో ఒక పద్ధతి ఉండేది. కొన్న తాడు ఏడాది తిరక్కముందే తెగితే కొన్నవాడు కేకలు వేయడు, పంచాయితీ పెట్టడు. తెగిన కొసలు రెండూ తెచ్చి, పేనినవాళ్ళ గడప మీద పెట్టి పోతాడు. వాళ్ళు మారుమాట లేకుండా ఇంకో తాడు పేని ఇవ్వాలి. ఆ కొసలు గడప మీద ఉన్నంతసేపూ వీధిన పోయేవాళ్ళందరూ చూస్తారు. శిక్షంటే అదే.

తిరుచానూరు దక్షిణపు కొసన ఉన్న ఆ వీధికి గంగులమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె గడప మీద ఎవరూ కొసలు పెట్టలేదు. 1948 ఎండాకాలంలో మాత్రం వారం తప్పకుండా పెట్టారు. అన్నీ ఎర్ర రంగు పూసిన సన్న తాళ్ళు. తెచ్చేవాడు లారీ డ్రైవరు కుప్పయ్య.

"అక్కా, ఇదో నీ బిడ్డలు వచ్చినారు" అనేవాడు, కొసలు రెండూ గడప మీద పక్కపక్కన పరిచి. "ఒకడు ఆకాశం నుంచి దిగినాడు. ఇంకొకడు ఎక్కలేక నేల మిందనే నిలిచిపోయినాడు."

"నీ నోట్లో మన్నుపడ. లోపలికి తెచ్చి ఇయ్యరాదా?"

"పద్ధతి పద్ధతే కదక్కా."

కుప్పయ్యకు అది తమాషా. వీధికి తమాషా కాదు. గంగులమ్మ కొసలు తీసి చూరులో దోపి, మళ్ళీ నార ముందు కూర్చునేది.

ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. కిత్తనార పని చిన్నప్పటి నుంచీ తెలిసిందే. కిత్తనార మట్టలు కోసి, నీళ్ళలో నానేసి, కుళ్ళాక బాది, ఉతికి, ఆరబెట్టి, దువ్వి, పురి పెట్టాలి. ఆ రసం తగిలితే ఒళ్ళంతా దురద. అరచేతులు ఎప్పుడో మొద్దుబారాయి కాబట్టి వాటికి బాధ లేదు. మోచేతుల పైన మాత్రం ఏడాది పొడుగునా దద్దుర్లే. పశువుల పలుపులు, చేంతాళ్ళు, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావుల మోకులు, ఏది కావాలన్నా పేనేది. నిద్రలో కూడా ఆమె వేళ్ళు ఆడుతూనే ఉండేవని భర్త వెంకటముని చెప్పేవాడు.

వెంకటముని నడవలేడు. ఒకప్పుడు బావిలో పూడిక తీయడానికి దిగుతుంటే తాడు తెగి పడ్డాడు. తుంటి విరిగింది. ఆ తాడు గంగులమ్మ పేనింది కాదు, పక్క ఊరివాళ్ళది. పద్ధతి ప్రకారం కొసలు తీసుకెళ్ళి వాళ్ళ గడప మీద పెట్టారు. పద్ధతి ప్రకారం వాళ్ళు కొత్త తాడు ఇచ్చారు. తుంటి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అప్పటి నుంచి వెంకటముని కూర్చున్నచోటే చక్రం తిప్పుతాడు, గంగులమ్మ నార అందిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. ఆ ఇంట్లో తాడు తెగడం అనే మాటను తేలిగ్గా అనేవాళ్ళు లేరు.

ఎర్ర తాళ్ళ సంగతి జయరావుతో మొదలైంది. ఆయనది చిత్తూరు. మిషన్ బడిలో చదివి, యుద్ధంలో చేరి, అస్సాం వైపు గ్లైడర్ల దగ్గర మెకానిక్కుగా పనిచేసి వచ్చాడు. గ్లైడరు అంటే ఇంజను లేని విమానం. దాన్ని తాడుతో లాగి గాల్లోకి లేపాలి, తాడు వదిలాక అది జారుకుంటూ దిగుతుంది. రేణిగుంట దాటాక యుద్ధం రోజుల్లో చదును చేసి వదిలేసిన నేల ఒకటి ఉంటే, చిత్తూరు ప్లీడర్లు కొందరు సరదా పడి, పాత గ్లైడరు ఒకటి, మిలిటరీవాళ్ళు అమ్మేసిన లారీ ఒకటి కొని, జయరావును నేర్పించమన్నారు. చుట్టుపక్కల జనం దానికి మూగ ఇమానం అని పేరు పెట్టారు.

మిలిటరీ తాళ్ళు చివికిపోయాక జయరావు గంగులమ్మను వెతుక్కుంటూ వచ్చాడు. లారీకీ గ్లైడరుకీ నడుమ కట్టే పొడుగాటి తాడు మూడు పురులతో గట్టిగా పేనమన్నాడు. ఆమెకు నచ్చింది. తర్వాత ఇంకో మాట అన్నాడు.

"గ్లైడరు ముక్కు దగ్గర కట్టేదానికి రెండు బారల ముక్క విడిగా కావాల. అది సన్నగా పేను. పాత నార చాలు. ఎర్ర రంగు పూయి."

"సన్నగానా సారూ?"

"సన్నగానే."

మొదటి ఎర్ర ముక్కకు ఆయన రాళ్ళు కట్టి వేలాడదీశాడు. ఒక్కో రాయీ పెంచుతూ, తెగేదాకా చూశాడు. తెగాక, సరే అన్నట్టు తల ఊపాడు. తాడు తెగితే తల ఊపే మనిషిని గంగులమ్మ అదివరకు చూడలేదు. ఎందుకని అడగలేదు. ఆమె అనుభవంలో సన్నతాడు అడిగేది పిసినారులే. పాత నార చాలనేది ఇంకా పిసినారులు. ప్లీడర్ల సొమ్ము ఆదా చేస్తున్నాడు కాబోలు అనుకుంది. ఆయనా చెప్పలేదు. శిష్యులకు బోర్డు మీద బొమ్మలు గీసి అంతా ఇంగ్లీషులో చెప్పాడు. తాడు పేనే మనిషికి కూడా చెప్పాలని ఆయనకు తోచలేదు.

మైదానంలోనూ ఆమెకు కూలి పని దొరికింది. పొద్దున్నే తాడు పరిచి, ఎర్ర ముక్క ముడివేయాలి. తర్వాత లారీ వెనక ఎక్కి, తాడు కట్టిన ఇనుప కడియం పక్కన కూర్చోవాలి. ఏదైనా అయితే నరకడానికి ఒక మచ్చుకత్తి, తాడు కింద ఒక చింతమొద్దు ఉండేవి. ఆ కత్తితో పని ఎన్నడూ పడలేదు. అంతకు ముందే ఎర్ర ముక్క పుటుక్కున తెగేది. తెగినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకుని అలమేలుమంగమ్మకు టెంకాయ మొక్కుకునేది. కళ్ళు తెరిచేసరికి మూగ ఇమానం మెల్లగా ఒరిగి, నేలకు దిగుతూ ఉండేది. అంతా అమ్మవారి దయ అనుకునేది.

అన్నిసార్లు తెగడానికి అసలు కారణం కుప్పయ్య కాలు. లారీ పట్టకముందు అతను కపిల తోలినవాడు. కపిల బావి దగ్గర మోకు బరువెక్కితే ఎద్దును అదిలించాలి, అవసరమైతే మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలపాలి. అప్పుడే నీళ్ళ బాన పైకొస్తుంది. గ్లైడరు ఎక్కేకొద్దీ తాడు బరువెక్కి లారీ మూలుగుతుంది. అప్పుడు జోరు తగ్గించమని జయరావు రోజూ చెప్పేవాడు. కుప్పయ్య తల ఊపేవాడు. లారీ మూలగ్గానే అతని కాలు మాత్రం తనంతట తానే కిందికి తొక్కేది. ఎర్ర ముక్క తెగేది. కొసలు గంగులమ్మ గడప మీదికి వచ్చేవి.

ఆ ఎండాకాలం దేవరాజులు మోకు అడగలేదు.

దేవరాజులు ఆ పక్కన పెద్ద సేద్యగాడు. మామిడి, చెరుకు, రెండు కపిల బావులు. ఏటా ఆయన మోకు కొన్నాకే తతిమ్మా రైతులు కొంటారు. కొత్త మోకుకు మొదటి ముడి పేనినవాళ్ళ చేత్తోనే వేయిస్తాడు. ఆ ముడి వేసి ఆయన ఇంట్లో అన్నం తిని రావడం గంగులమ్మకు ఏడాదిలో ఒక్క పండగ. సంతలో ఎదురుపడి ఆమే అడిగింది.

"అన్నా, మోకు సంగతి ఏమంటావు?"

"సూస్తాంలేమ్మా. తొందరేమీ లేదు."

"ఎండలు ముదిరినాయి గదన్నా. పాత మోకు పీచులు లేస్తా ఉండాది. నేను సూసినా."

దేవరాజులు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఉన్నమాట చెప్తా గంగులమ్మా. నీ తాడు ఆ మూగ ఇమానం కాడ వారం వారం తెగతా ఉండాదంట. ఆడ తెగితే గాల్లో మనిషి. ఈడ తెగితే బాయిలో మనిషి. పెద్దమనిషిని, రేపు ఊరికి నేను ఏమని చెప్పేది?"

గంగులమ్మ ఇంటికి వచ్చి నానేసిన నార పక్కకు నెట్టి, పొడుగు నార ఏరడం మొదలుపెట్టింది.

"మోకు కుదిరినాదా?" అన్నాడు వెంకటముని.

"కుదరతాది. నువ్వు చక్రం తిప్పు."

ఎర్ర ముక్క ఈసారి ఆమె తనకు తెలిసినట్టు పేనింది. పొడుగు నార దువ్వి, తడిపి, మూడు పురులూ సమంగా లాగి, బిగించి, మళ్ళీ తడిపి బిగించింది. చేతికి కాస్త లావు తగులుతుంది గానీ రంగు దట్టంగా పూస్తే కంటికి తెలియదు. వెంకటముని కొస పట్టుకుని తన బరువంతా వేసి లాగి చూశాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ఇది తెగితే నన్నడుగు" అన్నాడు.

ఆ శనివారం దేవరాజులును ఆమే మైదానానికి రమ్మంది. కళ్ళారా చూస్తే నమ్ముతాడని ఆమె లెక్క. ఆయన గొడుగు వేసుకుని వచ్చి లారీ పక్కన నిలబడ్డాడు. ఆ రోజు ఎగరాల్సింది రామచంద్ర అని చిత్తూరు కోర్టులో గుమాస్తా, నలుగురు బిడ్డల తండ్రి. అప్పటికి ఏడెనిమిదిసార్లు ఎగిరి ఉంటాడు. తాడుకు ఆ కొసన, కేకేసినా వినపడనంత దూరంలో, గ్లైడరులో కూర్చుని ఉన్నాడు. గంగులమ్మ ఎర్ర ముక్క ముడివేసి వచ్చి, లారీ వెనక ఎక్కింది.

రోజూ జెండా ఊపే మనిషికి జ్వరం. అందుకని జయరావే లారీ దగ్గర నిలబడ్డాడు. గాలి కుదురుకోవాలని ఎదురుచూస్తున్నారు. దేవరాజులు ఊరుకోలేక అడిగాడు.

"అది గాదప్పా జయరావూ, అంత బరువునీ మనిషినీ ఈ తాడు పైకి ఎట్ల ఎత్తతాది?"

"తాడు ఎత్తదన్నా. అందరూ అనేది అదే. ఇది కపిల గాదు, లాగితే బాన లేసినట్టు లేసేదానికి. తాడు ముందుకు ఈడస్తాది, అంతే. ముందుకు పోతే రెక్కకు గాలి తగలతాది. రెక్క ఆ గాలిని కిందికి నెడతాది, గాలి రెక్కను పైకి నెడతాది. మోసేది గాలి."

"అట్లయితే తాడు తెగితే?"

"తెగితే ఏముండాది? ముక్కు రవంత కిందికి దించి, జారతా వస్తాది. కొండ మింది నుంచి గద్ద రెక్క ఆడించకుండా దిగదా, అట్ల."

దేవరాజులు నమ్మలేదు. "గాలిపటం దారం తెగితే పడిపోతాది గదప్పా."

"పటానికి ముక్కు దించే మనిషి లేడు గదన్నా. అయినా పటమే సూడు. దారం నీ చేతిని పైకి లాగతాది గదా? అంటే ఆ దారం పటాన్ని కిందికి లాగతా ఉండాదనే గదా. ఈడా అంతే. పైకి పోయేకొద్దీ మన తాడు దాన్ని కిందికి లాగతాది. దాని బరువొకటి, తాడు లాగేదొకటి, రెండూ రెక్కే మోయాల. గాలి ఒక్క తూరి విసిరి, మన కుప్పయ్య జోరు చేస్తే రెక్క ఇరిగి చేతికొస్తాది."

"అయ్యయ్యో. మరి?"

"మరి ఏముండాది. దానికే ఆ ఎర్ర ముక్క. రెక్క ఇరిగే లోపల అది తెగాల. తెగేదానికే పెట్టినాము దాన్ని."

లారీ మీద గంగులమ్మ అంతా విన్నది. మొదట ఆమెకు కోపం వచ్చింది. తెగేదానికా? తర్వాత, చూరులో దోపిన కొసలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. రాళ్ళు కట్టి తల ఊపిన జయరావు గుర్తుకొచ్చాడు. 

"సారూ" అంది. "సారూ, ఆ ఎర్ర తాడు..."

అవతల గ్లైడరు దగ్గర, సిద్ధమన్నట్టు తెల్లగుడ్డ ఊగింది. జయరావు ఒక్క దూకున లారీ ఎక్కి కప్పు మీద చరిచాడు. కుప్పయ్య కదిలించాడు. దేవరాజులు ఎదుటే ఆమె ఉన్నమాట చెప్పేయవచ్చు, గట్టిగా అరిచి ఆపించవచ్చు. మోకు సంగతి అప్పటికీ ఆమె మనసులో ఉంది. రెండు క్షణాలు అట్లాగే పోయాయి. తర్వాత లారీ రొదలో ఆమె మాట ఆమెకే వినపడలేదు.

తాడు నేల మీద పాములా కదిలి, బిగుసుకుంది. గ్లైడరు పరుగెత్తి, లేచింది. ముక్కు పైకెత్తి నిట్టనిలువుగా ఎక్కసాగింది. కొండవైపు నుంచి గాలి విసిరింది. తాడు వీణతీగలా మోగింది. లారీ మూలిగింది. కుప్పయ్య కాలు ఎప్పటిలాగే చేసే పని చేసింది.

"తగ్గించు! తగ్గించురా!" జయరావు కప్పు మీద బాదుతున్నాడు. "అది తెగదేమి? ఇంకా తెగదేమి?"

రెక్కల కొసలు పైకి వంగడం గంగులమ్మకు కనపడింది. కావడిబద్ద వంగినట్టు వంగాయి. పైన రామచంద్ర తాడు వదిలే పిడి లాగాడు. ఆ బిగువుకు కొక్కెం ఊడిరాలేదు.

"తెగదు సారూ" అంది గంగులమ్మ. "నేను పేనినాను."

జయరావు ఆమె వైపు తిరిగేలోపే కత్తి తీసింది. చింతమొద్దు మీద ఉన్న పెద్ద తాడు మీద మొదటి దెబ్బ వేసింది. ఒక పురి తెగింది. రెండో దెబ్బకు ఇంకోటి. మూడోది వేసే అవసరం రాలేదు. మిగిలిన పురి దానంతట అదే తెగి, కొస ఆమె చెవి పక్కన కొరడాలా చరిచి ఆకాశంలోకి పోయింది. లారీ ముందుకు ఉరికింది. ఆమె కడియం పట్టుకుని పడకుండా ఆపుకుంది.

పైన గ్లైడరు ఒక్క క్షణం ముక్కు ఎత్తుకునే నిలిచిపోయింది. తర్వాత మెల్లగా ముక్కు దించింది. తాడు వదులయ్యాక కొక్కెం తెరుచుకుంది. తాడంతా వంకర్లు తిరుగుతూ తుమ్మచెట్ల మీద పడింది. మూగ ఇమానం సగం చుట్టు తిరిగి, దుమ్ము లేపుతూ నేల మీద ఆగింది. ఈసారి ఆమె అమ్మవారికి మొక్కలేదు. కళ్ళు మూసుకోలేదు కూడా.

రామచంద్ర దిగి, గ్లైడరుకు ఆనుకుని కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇచ్చారు. జయరావు రెక్క మొదట్లో చెయ్యి పెట్టి తడిమాడు. గుడ్డ కింద కర్ర నిలువునా చీలి ఉంది. తర్వాత తుమ్మచెట్ల దగ్గరికి వెళ్ళి ఎర్ర ముక్క తెచ్చాడు. ఒక్క పీచు లేవలేదు.

"ఇది ఎవురు పేనమన్నారు నిన్ను?"

"ఎవురూ అనలేదు."

"సన్నగా పేనమని సెప్పినా గదా."

"సన్నగా పేనమంటిరి. తెగాల అని అనలేదు గద సారూ."

జయరావు చేతిలో తాడును అటూ ఇటూ తిప్పాడు. కుప్పయ్య లారీ దిగి దూరంగా నిలబడ్డాడు, మొదటిసారిగా తమాషా ఏదీ తోచక.

దేవరాజులు నడిచి వచ్చి, గొడుగు మూసి, లారీ వెనక వేలాడుతున్న పెద్ద తాడు కొస పట్టుకుని చూశాడు. తాళ్ళ సంగతి తెలిసినవాడు. రెండు పురులు నున్నగా ఉన్నాయి, ఒకటి మాత్రం పీచులు పీచులుగా ఉంది.

"ఇది తెగింది గాదు. కోసింది."

"అవునన్నా. నేనే."

"ఆ మనిషి బతికినాడు. మంచిదే. కాదనను." ఆయన కొస వదిలేశాడు. "కానీ గంగులమ్మా, తెగే తాడు అమ్మినావనే అయితే, తిట్టి మళ్ళా నీ కాడే కొందును. పేనిన తాడును పేనిన మనిషే కోసినాక, ఆ చేత్తో మా బాయి మోకుకు ముడి ఎట్ల ఏపించేది? ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోరు, కీడంటారు."

"రెక్క ఇరగతా ఉండె గదన్నా. నువ్వూ వింటివి గద, సారు సెప్పింది."

"వింటినిలే. విన్నది వేరే. మోకు వేరే." ఆయన కొంత దూరం నడిచి ఆగాడు. "ఈ ఏడు పోనీ. వచ్చే ఏడు సూస్తాం."

వచ్చే ఏడు ఆయన కపిల తీసేసి ఆయిల్ ఇంజను పెట్టించాడు. అది ఆ రోజు గంగులమ్మకు తెలియదు. తెలిసినా చేసేదేమీ లేదు.

సాయంత్రం ఆమె కొసలు, జయరావు తిరిగిచ్చిన ఎర్ర ముక్క తానే ఇంటికి తెచ్చింది. కుప్పయ్య మోస్తానన్నాడు, వద్దంది. గడప ముందు ఆగి, కోసిన పెద్ద తాడు కొసలు రెండూ గడప మీద పక్కపక్కన పెట్టి, దాటుకుని లోపలికి పోయింది. కాళ్ళు కడుక్కుంది. రాగిసంగటి ఉడకేసింది. వీధిన పోయేవాళ్ళు చూశారు. వెంకటముని జరుగుతూ వచ్చి కొస తడిమాడు.

"ఎవురు కోసినారే దీన్ని?"

"నేనే కోసినా."

"ఎర్రది?"

ఆమె ఒళ్ళోంచి తీసి ఇచ్చింది. ఆయన చాలాసేపు దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు.

"తెగలేదు" అన్నాడు.

"తెగలేదు. అదే తప్పంట."

ఆమె జరిగింది చెప్పింది. గాలి మోస్తుందని, తాడు కిందికి లాగుతుందని, రెక్క విరిగేలోపల తాడు తెగాలని, జయరావు చెప్పిన వరసలోనే చెప్పింది. వెంకటముని సగం అర్థం చేసుకున్నాడు. బావిలో పడ్డవాడికి మిగతా సగం అర్థం కావడం కష్టం.

"అయితే మనం తెగేది పేనాలంటావు" అన్నాడు చివరికి.

"ఆ."

"సరిగ్గా అంత బరువుకే తెగాల. ముందూ గాదు, ఎనకా గాదు."

"ఆ."

"అది తెగని తాడు కంటే కష్టం గదే."

ఆమె సంగటి పెట్టింది. తిన్నారు.

రెక్క బాగుచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో మైదానంలో కూలి లేదు, మోకుల బేరాలు లేవు. పూలమ్మేవాళ్ళకు బుట్టల తాళ్ళు, మేకల పలుపులు పేని గడిపారు. తర్వాత జయరావే ఇంటికి వచ్చాడు. గడప బయట నిలబడి, తనతో తెచ్చిన రాళ్ళు అరుగు మీద పెట్టాడు.

"ఈ బరువుకు తెగకూడదు. దీని మింద ఈ ఒక్క రాయి పెడితే తెగాల. ఎందుకో నీకు ఇప్పుడు తెలుసు" అన్నాడు. అంతకు మించి ఆ రోజు సంగతి ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

కొత్త నార దండగ అనుకుని ఆమె ఆ పాత ఎర్ర ముక్కనే తీసింది. తను పేనిన తాళ్ళలో అంత మంచిది ఇంకోటి లేదు. ఒక కొస వెంకటముని పట్టుకున్నాడు. ఆమె పురి విప్పుతూ వెనక్కి నడిచింది. అంత బిగించి పేనింది కాబట్టి విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ నారను ముక్కలుగా తుంచి, పొట్టి చేసి, వదులుగా పేనింది. రాయి కట్టి చూసింది. ముందే తెగింది. మళ్ళీ పేనింది. ఈసారి బరువుకు ఆగింది గానీ, ఆ ఒక్క రాయి పెట్టినా తెగలేదు. మళ్ళీ విప్పింది.

సోమవారం కుప్పయ్య లారీ వీధి చివర ఆపి వచ్చాడు.

"ఎర్రది అయినాదా అక్కా?"

"అయినాది."

"తెగతాదా?"

గంగులమ్మ మోచేయి గోక్కుంటూ తాడు అతని చేతిలో పెట్టింది.

"తెగతాది. కొసలు తెచ్చేటప్పుడు మాత్రం గడప మింద పెట్టు. లోపలికి తేవద్దు."